నాద్యా పక్కన ఎల్సా

జనవరి 10, శనివారం

మార్సీ ఈ వారమూ వచ్చింది. వస్తే రానీ, నాకేం.

విత్తనాల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. టమాటాల గురించి రాసుకుందామని దాచాను. బయట నడుంలోతు మంచు పెట్టుకుని టమాటాల గురించి రాయడానికేముంది, అందుకని ఇది రాస్తున్నాను.

మా ఆయన రెయినోకి ఈ తుపాకుల పిచ్చి ఇనుప గనిలో పని మానేసిన దగ్గర్నుంచీ ఉంది. నేనెప్పుడూ కాదనలేదు. పాత రష్యా సైన్యం తుపాకులు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గ్రీజులో ముంచి గోదాముల్లో పడేసినవి, ఇప్పుడు పెట్టెలకు పెట్టెలు వచ్చిపడుతున్నాయి. వాటి చెక్క భాగం విప్పి, పాత న్యూస్‌పేపర్లు చుట్టి, శుక్రవారం సౌనాలో, అంటే మా తాతల నాటి ఫిన్లాండు పద్ధతి ఆవిరి స్నానాల గదిలో, పై బల్ల మీద పెట్టి పొయ్యి రాజేస్తాడు. ఆ వేడికి చెక్క గ్రీజు కక్కుతుంది. కక్కినకొద్దీ తుడుస్తాడు. శనివారం సాయంత్రం అదే ఆవిరిలో, అదే బల్ల మీద మేమిద్దరం కూర్చుంటాం. మా అమ్మ నన్ను కన్నది ఇలాంటి సౌనాలోనే. అప్పుడు బర్చ్ చెట్టు ఆకుల వాసన వేసేదట, ఇప్పుడు పాత ఇంజను వాసన. దానికీ సర్దుకున్నాను.

సర్దుకోలేనిది మార్సీతో. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతుంది. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. మొగుడు పోయాడు. అతను వదిలి వెళ్లిన తుపాకులు బాగుచేయడం నేర్చుకుంటానని పోయిన నవంబరులో మా ఇంటికి వచ్చింది. ఆ నేర్చుకోవడం ఇంకా అవలేదు.

జనవరి 17

తుపాకులు బాగుచేసే సౌనా ముందు గదిలో ఇద్దరూ నవ్వుకుంటున్నారు. వంటింటి దాకా వినిపించింది. ఎన్నిసార్లు నవ్వారో నేనేం లెక్కపెట్టలేదు.

జనవరి 24

ఈ వారమూ.

జనవరి 31

వంటింట్లో కూర్చుని నా యాలకుల రొట్టె మూడు ముక్కలు తింది మార్సీ. బూట్ల మంచు నా నేల మీద కరిగి మడుగు కడుతోంది.

"ఐలీ గారూ, ఇది ఎలా చేస్తారో నాకూ చెప్పండి. మా ఇంట్లో ఓవెన్ వెలిగి ఏడాదైంది."

"దానికేం భాగ్యం" అని చెప్పాను. పిండి, వెన్న, గుడ్లు, పాలు అన్నీ సరిగ్గా చెప్పాను. యాలకులు మాత్రం సగమే చెప్పాను. అది మా అమ్మ కొలత, బయటివాళ్లకి ఇవ్వడం ఇష్టం లేదు. అంతకుమించి వేరే ఉద్దేశం ఏమీ లేదు.

ఫిబ్రవరి 7

కొత్త పెట్టె వచ్చింది. పొద్దుటి నుంచీ ఇద్దరూ దాని మీదే ఉన్నారు. పదకొండింటికి కాఫీ ట్రే పట్టుకుని ముందు గదికి వెళ్లాను. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. చేతులు ఖాళీ లేక మోచేత్తో తోయబోయి, లోపల మాటలు వినపడి ఆగాను.

"రెయినో, ఇటు చూడు. గ్రీజు కింద ఏదో గీసుంది" అంటోంది మార్సీ.

"గీత కాదు, అక్షరాలు. మెల్లగా. గుడ్డతోనే."

"రష్యా అక్షరాలు. ఆగు, కాగితం చూస్తా." పర్సులో రష్యా అక్షరమాల పెట్టుకుని తిరుగుతుంది ఈవిడ. నా పర్సులో మందుల చీటీలు ఉంటాయి. "నా... ద్యా. నాద్యా. ఆడపిల్ల పేరే. దాని పక్కన ఇంకోటుంది, ఇది మామూలు ఇంగ్లీషు అక్షరాలే. ఎల్సా."

రెయినో ఆ రెండు పేర్ల మీది గ్రీజంతా మెల్లగా తుడిచాడు. తర్వాత, నేనెప్పుడూ వినని గొంతుతో చెప్పాడు. "ఇది రష్యా సిపాయి తుపాకీ. వాడు వాళ్లావిడ పేరు చెక్కుకున్నాడు. మన ఫిన్లాండు సిపాయి ఎవడో యుద్ధంలో వాడి దగ్గర లాక్కున్నాడు. వాడు చచ్చే ఉంటాడు. తీసుకున్నవాడు ఆ పేరు చెరపలేదు, చూశావా? పక్కన చోటు చూసుకుని వాళ్లావిడ పేరు చెక్కాడు. గురిచూసేటప్పుడు ఇద్దరూ ఇక్కడే చెంప ఆనించి ఉంటారు."

"నాకు ఏడుపొస్తోంది" అంది మార్సీ.

"ఏడిస్తే ఏడువు గానీ, చెక్క మీద పడనీకు. దీనికి ఉప్పుకాగితం తగలకూడదు, వార్నిష్ తగలకూడదు. ఉత్త గుడ్డ, కాస్త అవిసె నూనె. గీకితే ఇది వట్టి కట్టె. ఏప్రిల్లో స్కూలు హాల్లో పాత తుపాకుల ప్రదర్శన ఉందిగా, మన బల్ల మీద నడిమధ్య ఇదే."

మన బల్ల.

నేను లోపలికి వెళ్లి ట్రే పెట్టాను. రెయినో ఒక గుక్క తాగి, "కాఫీ చల్లారిపోయింది ఐలీ" అన్నాడు.

ఫిబ్రవరి 11

హెల్మీ డులూత్ నుంచి ఫోన్ చేసింది. రెయినో చెల్లెలు. నోటికి తాళం లేదు.

"ఏంటి వదినా, మా అన్నయ్య శిష్యురాల్ని పెట్టుకున్నాడట?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తేనేం. నీకు కళ్లు కుడుతున్నాయా?"

"నా కళ్లెందుకు కుడతాయే. గ్రీజు పూసుకునే ఆడదాన్ని చూసి నేను కుళ్లుకోవాలా?"

"అయితే గ్రీజు నువ్వే పూసుకో. వెళ్లి పక్కన కూర్చో. ఇన్నేళ్లలో ఒక్కరోజైనా ఆ తుపాకీ ఏంటని అడిగావా?"

అడగలేదు. అయినా అడగాల్సిన అవసరం ఏముంది. నా కుట్టుపని గురించి ఆయన అడిగాడా? నాకు కళ్లు కుట్టడం లేదు. నిద్ర పట్టకపోవడం మోకాలి నొప్పి వల్ల.

ఫిబ్రవరి 14

ప్రేమికుల రోజు. ఎప్పటి షాపులోదే, ఎప్పటి చాక్లెట్ డబ్బానే ఇచ్చాడు. ధర చీటీ గీకేసే అలవాటు కూడా ఎప్పటిదే.

సాయంత్రం సౌనాలో రాళ్ల మీద నీళ్లు పోసి, ఆవిరి సద్దుమణిగాక అడిగాను. "నువ్వు యుద్ధానికి వెళ్లి ఉంటే తుపాకీ మీద ఏం చెక్కేవాడివి?"

రెయినో నవ్వాడు. "ఏమీ చెక్కను. పెళ్లాం దగ్గర లేనివాడు చెక్కుకుంటాడు పేర్లు. నువ్వు ఎప్పుడూ ఇక్కడే పడి ఉంటావుగా."

ఇక్కడే పడి ఉంటాను. అవును, కుర్చీలా, పొయ్యిలా. లేచి బయటికి వచ్చి మంచులో నిలబడ్డాను. ఒంట్లోంచి పొగలు వస్తున్నాయి. చలి తెలియలేదు.

నాద్యాకి తుపాకీ మీద పేరుంది, ఎల్సాకి ఉంది. ఇన్నేళ్లు వండిపెట్టిన నాకు చాక్లెట్ డబ్బా.

ఫిబ్రవరి 21

మార్సీ యాలకుల రొట్టె చేసి తెచ్చింది. చప్పటి పిండిముద్ద. రెయినో రెండు ముక్కలు తిని, "బాగుంది మార్సీ" అన్నాడు. నా రొట్టె తిని ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఫిబ్రవరి 28

మోకాలు.

మార్చి 7

వచ్చే శనివారం గ్రీన్ బేలో పాత తుపాకుల సంత. ఇద్దరూ మార్సీ ట్రక్కులో వెళ్తారట. "నువ్వూ రారాదూ" అన్నాడు రెయినో. ఎలా అన్నాడంటే, నేను రానని బాగా తెలిసినవాడు అన్నట్టు. రానన్నాను. "సాయంత్రానికి వచ్చేస్తాం" అన్నాడు. మన బల్ల, వచ్చేస్తాం. ఈ మధ్య రెయినో ఒక్కడే ఏదీ చేయడం లేదు.

మార్చి 14

మధ్యాహ్నం నుంచి మంచు తుఫాను. నాలుగింటికి ఫోన్ చేశాడు. రోడ్డు మూసేశారు, లాడ్జిలో దిగుతున్నాం అన్నాడు. మంచు తోసే లారీ నడిపే మనిషి పక్కన ఉండగా మంచులో చిక్కుకున్నారట. "రెండు గదులు తీసుకున్నాం" అని నేను అడగకుండానే చెప్పాడు. అడగకుండా ఎందుకు చెప్పినట్టు?

సరే. ఈ రోజు నేను ఒక మంచి పని చేశాను. అది రాస్తాను.

రెయినో పుట్టినరోజు ఇరవై తొమ్మిదిన. ఆయన ఆశ్చర్యపోయేలా ఏదైనా చేద్దామని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. ముందు గదిలోకి వెళ్లాను. ఆ తుపాకీ నుంచి విప్పిన చెక్క, పని బల్ల మీద ఉంది. నల్లగా, మరకలతో, అక్కడక్కడా సొట్టలతో ఎంత మురికిగా ఉందో. ప్రదర్శనలో నలుగురూ చూసే వస్తువు అలా ఉంటే ఎలా? మా అమ్మ బల్లని నేను రుద్ది వార్నిష్ వేస్తే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. చెక్క చెక్కే కదా.

ముందు గరుకు ఉప్పుకాగితం, తర్వాత నున్నటిది. నాద్యా అని పైపైన చెక్కినట్టుంది, తొందరగానే పోయింది. ఎల్సా లోతుగా ఉంది. పోవడానికి చాలా సేపు పట్టింది. చేతులు నొప్పెట్టాయి. గంధం రంగు పొడి ఒళ్లో పడింది, ఊడ్చి పొయ్యిలో వేశాను. తర్వాత వార్నిష్, మెరిసేది. అద్దంలా వచ్చింది.

ఈ తుపాకుల గురించి నాకేం తెలుసు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. మెరిస్తే బాగుంటుందనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆకలి లేదు. పడుకుంటాను.

మార్చి 15

మధ్యాహ్నం వచ్చాడు. మార్సీ ఇంటి ముందు దింపి వెళ్లిపోయింది. రెయినో నేరుగా ముందు గదిలోకి వెళ్లాడు. నేను వంటింట్లో చేపల పులుసు తిప్పుతూ నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నీ పుట్టినరోజుకని చేశాను" అన్నాను.

"ఊఁ."

"మురికిగా ఉందని."

"ఊఁ. బాగా మెరుస్తోంది" అన్నాడు. పులుసంతా తిన్నాడు. గిన్నె తనే కడిగాడు. ఆయన గిన్నె కడగడం నేనెప్పుడూ చూడలేదు. అరిస్తే బాగుండేది.

మార్చి 18

తుపాకీ మాటే ఎత్తడం లేదు. తుఫాను గురించి మాట్లాడతాడు, గుమ్మానికి చేరే జింకల గురించి మాట్లాడతాడు.

మార్చి 21

మార్సీ వచ్చింది. నేను తలుపు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లక్కర్లేకపోయింది, ఆమె గొంతు ఇల్లంతా వినిపించింది.

"ఏంటిది? ఎవరు చేశారు?"

"నేనే" అన్నాడు రెయినో.

"నువ్వా? ఉప్పుకాగితం తగలకూడదన్నవాడివి నువ్వు కాదూ?"

"చేతులు ఊరుకోలేదు. మెరుగు పెడదామనుకున్నా."

"మెరుగా? రెయినో, ఆ ఇద్దరి పేర్లూ ఇంకెక్కడా లేవు. ఫోటో అయినా తీయలేదు మనం. నీకు మతి పోయిందా?"

"పోయే వయసే."

మార్సీ తలుపు దడాలున వేసి వెళ్లిపోయింది. ఇక రాదనుకుంటాను. నేను కోరుకున్నది అదేగా. కిటికీలోంచి ఆమె ట్రక్కు మలుపు తిరిగేదాకా చూశాను. సంతోషం కోసం ఎదురుచూశాను. రాలేదు.

నేనే అని ఎందుకన్నాడు?

మార్చి 28

సౌనాలో గ్రీజు వాసన లేదు. పెట్టెలో మిగిలిన తుపాకులు అలాగే ఉన్నాయి. రెయినో కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. ఇంట్లో గడియారం ఇంత చప్పుడు చేస్తుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

మార్చి 29

పుట్టినరోజు. కేకు చేశాను. "థాంక్స్ ఐలీ" అన్నాడు.

ఏప్రిల్ 4

ప్రదర్శన. ఆ తుపాకీ తీసుకెళ్లకు అన్నాను. "తెస్తానని అందరికీ చెప్పాను" అని తీసుకెళ్లి బల్ల మీద నడిమధ్యే పెట్టాడు. నేను కాఫీ కౌంటరు దగ్గర రొట్టెలు కోస్తూ చూస్తున్నాను.

గనిలో ఆయనతో పనిచేసిన వాళ్లంతా చుట్టూ మూగారు. ఆర్వో ముందు మొదలుపెట్టాడు.

"రెయినో, ఇది తుపాకీయా, మంచం కోడా?"

"ఫర్నిచర్ షాపు ఎప్పుడు పెట్టావు? మా ఆవిడ సోఫా కావాలంటోంది."

"పేర్లున్నాయన్నావు, ఏవీ? నీ ముఖం మాత్రం కనపడుతోంది ఇందులో."

రెయినో కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఇరవై ఏళ్లుగా పాత తుపాకుల మీద ఏ అనుమానం వచ్చినా అందరూ వచ్చి అడిగేది ఆయన్నే. ఆయన చేయి బల్ల కింద ప్యాంటుని పిండుతోంది. అవతలి బల్ల దగ్గర మార్సీ ఇటు చూడకుండా నిలబడింది.

ఆ మాటలన్నీ నా మీద పడాల్సినవి. వాళ్లు ఆయన మీద పోస్తున్నారు, ఆయన తుడుచుకుంటున్నాడు. నేను కత్తి కింద పెట్టి మార్సీ దగ్గరికి వెళ్లాను.

"అది రెయినో చేయలేదు. నేను చేశాను. పేర్లున్నాయని తెలుసు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాను. తెలిసే గీకాను."

మార్సీ ముఖం ఎర్రబడింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా తప్పులేదు. "ఎందుకు?" అంది.

"నువ్వొస్తే ఆయన నవ్వుతాడు."

"నేనొస్తేనా?" అని తల అడ్డంగా ఊపింది. "ఐలీ గారూ, మీకొక మాట చెప్పనా? వంటింట్లో మీ అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఆయన చేతిలో ఎంత ముఖ్యమైన పని ఉన్నా ఆపి తలుపు వైపు చూస్తాడు. ప్రతిసారీ. నాకు ఒళ్లు మండిపోయేది. ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. నా అడుగులు వినేవాడు ఎవడున్నాడని."

నేను వెనక్కి తిరిగి రెయినో వైపు చూశాను.

"కానీ ఆ పేర్లు..." అని ఆగిపోయింది. "అది మాత్రం ఇప్పుడిప్పుడే మర్చిపోలేను. ఇప్పుడు వెళ్లండి."

వెళ్లాను. యుద్ధంలో శత్రువు కూడా చెరపని పేరు నేను చెరిపాను. ఈ మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఏప్రిల్ 6

డులూత్ బస్సులో ఉన్నాను. హెల్మీకి ఒంట్లో బాలేదని రెయినోకి చెప్పాను. నిజానికి హెల్మీ గుండ్రాయిలా ఉంది. ఆయన ముఖం చూస్తూ ఆ ఇంట్లో ఉండలేను. పెళ్లయిన తర్వాత ఒక్కదాన్నే ఇల్లు వదిలి వెళ్లడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 8

హెల్మీకి అంతా చెప్పాను. తిడుతుందనుకుంటే నా తల దువ్వింది. "వదినా, ఇంటికి పో. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ నాకు చెప్తే ఏం లాభం?" అంది.

ఏప్రిల్ 11, శనివారం

బస్సు దగ్గరికి వచ్చాడు రెయినో. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. దారిలో ఇద్దరం మాట్లాడలేదు. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా చెప్పేశాను.

"నాకు తెలుసు, రెయినో. అక్కడ పేర్లున్నాయని తెలిసే రుద్దాను."

"తెలుసు."

"ఎవరు చెప్పారు? మార్సీయా?"

"ఆ రోజు కాఫీ చల్లగా ఉంది" అన్నాడు. "నువ్వెప్పుడూ నాకు చల్లటి కాఫీ తేలేదు. తలుపు దగ్గర చాలాసేపు నిలబడి ఉంటావు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే అబద్ధం చెప్పేదానివి. తర్వాత ఆ అబద్ధంతో కూడా కాపురం చేయాలి. నాకు ఒక్క తుపాకీ పోతే పోయింది అనిపించింది." నా సంచి కింద పెట్టాడు. "కోపం రాలేదనుకోకు. వచ్చింది. ఇంకా ఉంది."

"ఉండనీ" అన్నాను. ఏడుస్తూనే కాస్త తేలికపడ్డాను.

కోటు తగిలించడానికి ముందు గదిలోకి వెళ్లాను. తుపాకీని గోడకి బిగించాడు. నా వార్నిష్ మెరుస్తోంది. అదే చోట, చెంప ఆనే చోట, వార్నిష్ లేచిపోయి తెల్లటి చెక్క కనిపించింది. దగ్గరికి వెళ్లాను. కత్తి మొనతో చెక్కిన అక్షరాలు, వంకరటింకరగా. చివరి అక్షరం చోటు చాలక పక్కకి ఒరిగింది.

ఐలీ.

రెయినో వెనకాల నిలబడ్డాడు. చేతి వేలికి గుడ్డ చుట్టి ఉంది, తెగినట్టుంది.

"ఇదేంటి?" అన్నాను.

"నువ్వు లేవుగా" అన్నాడు.

ఏప్రిల్ 18

మార్సీ తలుపు కొట్టింది. పెట్టెలో ఇంకా తుపాకులున్నాయని గుర్తుచేయడానికి వచ్చానంది. గోడ మీద తుపాకీ చూసింది, అక్షరాలు వేలితో తడిమింది. "చెక్కడం మాత్రం రాదు నీకు" అని రెయినోతో అంది. ముగ్గురం కలిసి ఒక చెక్క విప్పాం. నాకు గుడ్డ ఇచ్చారు. గ్రీజు గోళ్లలోకి వెళ్తే ఎంత కడిగినా పోదని నాకు తెలియదు.

కాఫీ దగ్గర మార్సీకి చెప్పాను. "ఆ రొట్టెలో యాలకులు రెండింతలు వేయాలి. నీకు తప్పు చెప్పాను."

"అందుకేనా! నా రొట్టె తిన్నవాళ్లంతా చప్పగా ఉందన్నారు. రెయినో ఒక్కడే బాగుందన్నాడు."

"ఆయన ఎవరు పెట్టినా అలాగే అంటాడు" అన్నాను.

కానీ నా రొట్టె బాగుందని మాత్రం ఇంతవరకూ అనలేదు. సౌనా వేడెక్కింది, రెయినో పిలుస్తున్నాడు. ఆ సంగతేంటో వెళ్లి అడుగుతాను.